పీటీహెచ్ లేనివాళ్లకీ, ఎక్కువైనవాళ్లకీ మూత్రంలో కాల్షియం పోవడమేమిటి?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. మీరు బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు. మీ పిన్నిగారికి నిరుడు థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. ఆ ఆపరేషన్‌లో వెనకాల అంటుకుని ఉండే పారాథైరాయిడ్లు కూడా దెబ్బతిన్నాయి, వాటి నుంచి రావాల్సిన హార్మోన్ పీటీహెచ్ దాదాపు లేదు. కాల్షియం మాత్రలు, కాల్సిట్రయాల్ (పని చేసే రూపంలో ఉన్న విటమిన్ డి) వాడుతున్నారు. రక్తంలో కాల్షియం 8.2, మూత్రంలో రోజుకు 340 మిల్లీగ్రాములు. అదే నెలలో మీ వార్డులో పారాథైరాయిడ్ గడ్డతో ఒకావిడ చేరారు. ఆవిడకి పీటీహెచ్ మామూలుకి మూడు రెట్లు, రక్తంలో కాల్షియం 12, కిడ్నీలో రాళ్లు, మూత్రంలో కాల్షియం 350.

"పీటీహెచ్ కాల్షియాన్ని మూత్రంలోకి పోనివ్వదని పుస్తకంలో ఉంది. అది లేని పిన్నికి పోయిందంటే సరే. దండిగా ఉన్న ఆవిడకి కూడా అంతే పోతోందేమిటి?" అన్నది మీ మొదటి ప్రశ్న. "పిన్నికి కాల్షియం 9.5కి తెమ్మంటే డాక్టర్ గారు వద్దంటున్నారు, ఎందుకు?" అన్నది రెండోది.

రెండింటికీ జవాబు ఒకటే కాబట్టి కలిపే చెబుతాను. నేను కిడ్నీ డాక్టర్‌ని, ఇరవయ్యేడేళ్లుగా ఇదే పని. ఇదే ప్రశ్న వైవాలో అడిగితే పీజీ పిల్లలే తడుముకుంటారు, మీరు దిగులు పడక్కర్లేదు. పుస్తకం తప్పు చెప్పలేదు. సగం చెప్పి ఊరుకుంది.

ముందు లెక్క చూద్దాం. ఒంట్లో కాల్షియం సుమారు కిలో ఉంటుంది, అందులో నూటికి 99 వంతులు ఎముకల్లోనే. రక్తంలో ఉండేది డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. ఆ కాస్తలో కూడా నలభై శాతం దాకా ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని ఉంటుంది కాబట్టి కిడ్నీ జల్లెడలోంచి కిందికి దిగదు. దిగగలిగేది 5.5 నుంచి 6 వరకు. కిడ్నీలు రోజుకు 180 లీటర్లు వడకడతాయి. గుణించి చూడండి, రోజుకు దాదాపు 10,000 మిల్లీగ్రాముల కాల్షియం కిడ్నీలోని సన్నటి గొట్టాల్లోకి దిగుతోంది. మూత్రంలో బయటికి వచ్చేది 200. అంటే నూటికి 98 వంతులు వెనక్కి లాక్కుంటున్నాయి. ఆ 98 కాస్తా 97 అయితే చాలు, మూత్రంలో 200 ఉన్నది 300 అవుతుంది. ఒక్క శాతం తేడాకి వంద మిల్లీగ్రాములు! స్త్రీలలో రోజుకు 250, పురుషుల్లో 300 దాటితే ఎక్కువ అంటాం. అంటే మామూలుకీ జబ్బుకీ మధ్య ఉన్నది ఆ ఒక్క శాతమే. హార్మోన్ల పనంతా ఆ శాతం దగ్గరే.

ఇక అసలు విషయం. మాది చెరువు కింద వ్యవసాయం చేసే ఊరు. మంచి వానలు పడిన ఏడు చెరువు నిండి అలుగు పారుతుంటే పిల్లలమంతా చూడ్డానికి పరిగెత్తేవాళ్లం. పైనుంచి వాగు ఎంత నీరు తెస్తే అంతా అలుగు మీంచి పోతుంది. వాగు జోరు తగ్గితే అలుగు జోరూ తగ్గుతుంది. కాబట్టి బయటికి ఎంత పోవాలన్నది అలుగు చేతిలో లేదు, వాగు చేతిలో ఉంది. అలుగు చేతిలో ఉన్నది ఒక్కటే, చెరువులో నీళ్లు ఎంత ఎత్తున నిలవాలన్నది. రైతులు ఒక్కోసారి అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి మట్టం పెంచేవారు. అప్పుడు ఒకటి రెండు రోజులు అలుగు ఆగిపోయేది, చెరువు ఇంకో అడుగు నిండేది, మళ్లీ వాగులో వచ్చినంతా బస్తాల మీంచి పారేది. పోయే నీరు పాతంతే. మట్టం మాత్రం పెరిగింది.

కాల్షియానికి కిడ్నీ ఆ అలుగు. పేగుల నుంచి, ఎముకల నుంచి రక్తంలోకి వచ్చేది వాగు. పీటీహెచ్ ఇసుక బస్తాలు. "పీటీహెచ్ మూత్రంలో కాల్షియాన్ని తగ్గిస్తుంది" అని చదివినప్పుడు మనకి మూత్రంలో ఎప్పటికీ తక్కువే ఉండాలనిపిస్తుంది. అది బస్తాలు వేసిన మొదటి రెండు రోజుల మాట. ఆ తర్వాత చూడాల్సింది మూత్రంలో అంకె ఒక్కటే కాదు, ఏ మట్టం దగ్గర ఆ అంకె వచ్చిందన్నది. ఇదొక్కటి పట్టుకుంటే మిగతా అంతా దానంతట అదే సర్దుకుంటుంది.

అలుగు ఎలా కట్టి ఉందో కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే మీ పిన్నిగారి మందులన్నీ ఇందులో ఎక్కడో ఒకచోట పనిచేసేవే.

వడకట్టిన నీరు ముందు దిగే దగ్గరి వంకర గొట్టంలో కాల్షియం 60 నుంచి 65 శాతం వెనక్కి వెళ్తుంది. ఇక్కడ హార్మోన్ల పెత్తనం తక్కువ. సోడియం వెనక్కి వెళ్తుంది, దాని వెంట నీళ్లు వెళ్తాయి, నీళ్లు పోగా చిక్కబడిన కాల్షియం కణాల మధ్య సందుల్లోంచి జారుకుంటుంది. ఆ సందుల్లో దారి ఇచ్చే ప్రొటీన్ క్లాడిన్-2. ఇక్కడ కాల్షియం సోడియానికి తోక అనుకోండి. సోడియం ఎక్కువగా వెనక్కి వెళ్తే ఇదీ వెళ్తుంది, సోడియం మూత్రంలోకి పోతే ఇదీ పోతుంది. రోజూ తినే ఉప్పు ఒక చెంచా, అంటే ఆరు గ్రాములు పెరిగితే మూత్రంలో కాల్షియం సుమారు 40 మిల్లీగ్రాముల దాకా పెరుగుతుంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు లేకుండా ముద్ద దిగని మనవాళ్ల దగ్గర ఈ మాట నేను రోజూ చెబుతాను, రోజూ ఓడిపోతాను.

తర్వాతది హెన్లీ లూప్ అనే గొట్టం వంపులో పైకెక్కే లావు భాగం. ఇక్కడ 20 నుంచి 25 శాతం. ఇదీ సందుల్లోంచి పోయేదే, కానీ నీళ్ల వెంట కాదు. ఈ భాగం నీటిని దాటనివ్వదు. ఇక్కడ తోసేది కరెంటు. గొట్టం లోపలి వైపు ఉన్న ఒక పంపు ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్‌లని కలిపి కణంలోకి లాగుతుంది. లాగిన పొటాషియం వేరే ద్వారం నుంచి మళ్లీ గొట్టంలోకి కారిపోతుంది. దాంతో గొట్టం లోపల ధనావేశం మిగులుతుంది. కాల్షియం, మెగ్నీషియం రెండూ ధనావేశం ఉన్నవే కదా, వాటిని ఆ ఆవేశం సందుల్లోకి నెట్టేస్తుంది. ఆ సందుల కాపలాదార్లు క్లాడిన్-16, క్లాడిన్-19. పుట్టుకతో వీటిలో లోపం ఉన్న పిల్లలకి కాల్షియం, మెగ్నీషియం రెండూ మూత్రంలో కారిపోయి కిడ్నీల్లో కాల్షియం పేరుకుంటుంది. మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసెమైడ్ మాత్ర ఆపేది ఆ పంపునే. కరెంటు పోయింది, కాల్షియం మూత్రంలోకి. మీ పిన్నిగారికి ఎప్పుడైనా కాళ్ల వాపులకి ఎవరైనా ఆ మాత్ర రాస్తే ఆవిడ కాల్షియం సంగతి ముందే చెప్పండి.

ఆ రెండూ దాటాక మిగిలేది పది శాతానికి అటూ ఇటూ. అందులో ఎనిమిది శాతం దాకా దూరపు వంకర గొట్టంలోనూ దాని పక్క భాగంలోనూ వెనక్కి వస్తుంది. శాతం చిన్నదే, కానీ హార్మోన్లు పట్టు బిగించేది ఎక్కువగా ఇక్కడే. పైగా సందుల్లోంచి జారిపోవడం ఇక్కడ కుదరదు. కాల్షియం కణం మధ్యలోంచే దాటాలి, ఆ దాటడం ఒక సాహసం. కణం లోపల స్వేచ్ఛగా ఉండే కాల్షియం బయటికంటే పదివేల రెట్లు తక్కువ. కణానికి కాల్షియం పెరగడమంటే అలారం మోగడం లాంటిది, మరీ పెరిగితే చచ్చిపోతుంది. అలాంటి కణంలోంచి రోజుకు వందల మిల్లీగ్రాములు దాటించాలి!

అందుకు మూడు ఏర్పాట్లున్నాయి. గొట్టం వైపు టీఆర్‌పీవీ5 అనే ద్వారం ఉంటుంది. దీన్ని 1999లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో కుందేలు కిడ్నీ నుంచి పట్టుకున్నారు. లోపలికి వచ్చిన కాల్షియాన్ని కాల్బిండిన్ అనే ప్రొటీన్ వెంటనే పట్టేసుకుని అవతలి ఒడ్డుకి చేరుస్తుంది. కృష్ణ మీద బల్లకట్టు చూశారా, లారీని ఎక్కించుకుని ఏట్లో ఒక్క చక్రం తడవకుండా అవతల దింపుతుంది. అచ్చం అదే. అవతలి ఒడ్డున రెండు పంపులు దాన్ని రక్తం వైపు నెడతాయి. ఒకటి మూడు సోడియంలని లోపలికి తీసుకుని ఒక కాల్షియాన్ని బయటికి పంపేది, రెండోది కణం ఇంధనమైన ఏటీపీని నేరుగా ఖర్చు పెట్టేది. టీఆర్‌పీవీ5 లేని ఎలుకల్ని పుట్టించి 2003లో చూస్తే వాటి మూత్రంలో కాల్షియం మామూలు ఎలుకలకంటే ఆరు రెట్లు ఉంది. చివరి ఎనిమిది శాతం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఆ ఒక్క ప్రయోగం చాలు.

ఇప్పుడు పీటీహెచ్. మెడలో నాలుగు గ్రంథులు, ఒక్కోటి 30–40 మిల్లీగ్రాములు, కందిపప్పు బద్దంత. మనిషిలో ఇంత ఆలస్యంగా కనిపెట్టిన గ్రంథి ఇంకోటి లేదంటారు. 1880లో స్వీడన్‌లో శాండ్‌స్ట్రామ్ అనే వైద్య విద్యార్థి మనుషుల్లో వర్ణించాడు. అంతకు ముందే లండన్ జూలో చనిపోయిన భారతీయ ఖడ్గమృగాన్ని కోసిన రిచర్డ్ ఓవెన్ కంట పడ్డాయి. అంత పెద్ద జంతువైతే కనపడింది మరి.

ఈ గ్రంథుల కణాల మీద కాల్షియాన్ని చూసే ఒక గ్రాహకం ఉంటుంది. రక్తంలో కాల్షియం కొంచెం తగ్గగానే నిమిషాల్లో పీటీహెచ్ విడుదలవుతుంది. 84 అమైనో ఆమ్లాల ఈ గొలుసు రక్తంలో నాలుగైదు నిమిషాలు కూడా సరిగ్గా నిలవదు. అందుకే గడ్డ తీసేశాక ఆపరేషన్ బల్ల మీదే పది నిమిషాలాగి మళ్లీ పీటీహెచ్ చూస్తారు. సగానికి పడిపోతే సరైన గ్రంథినే తీశామని నమ్మి కుట్లు వేస్తారు. దూరపు గొట్టంలో ఈ హార్మోన్ రెండు వేగాలతో పనిచేస్తుంది. నిమిషాల్లో చేసేది, ఉన్న టీఆర్‌పీవీ5 ద్వారాలకి ఫాస్ఫేట్ ముక్క తగిలించి అవి ఎక్కువసేపు తెరుచుకుని ఉండేలా చూడటం. రోజుల మీద చేసేది, కొత్త ద్వారాలు, కొత్త బల్లకట్లు, కొత్త పంపులు తయారు చేయించడం. లావు లూప్‌లో కూడా కాల్షియం దారి కొంత సుగమం చేస్తుంది.

దగ్గరి గొట్టంలో మాత్రం పీటీహెచ్ పని వేరు. అక్కడ ఫాస్ఫేట్‌ని వెనక్కి లాగే ద్వారాలని కణంలోపలికి గుంజేసి, ఫాస్ఫేట్‌ని మూత్రంలోకి తోలేస్తుంది. ఎముక కరిగితే కాల్షియంతో పాటు ఫాస్ఫేట్ కూడా వస్తుంది. అది ఉండిపోతే కాల్షియంతో కలిసి ఎక్కడపడితే అక్కడ గట్టిపడుతుంది. అందుకే దాన్ని బయటికి పంపే ఏర్పాటు. మీ పిన్నిగారి రిపోర్టులో ఫాస్ఫరస్ కొంచెం ఎక్కువే ఉండి ఉంటుంది, చూడండి. ఫాస్ఫరస్ అన్నప్పుడల్లా నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఆయనా, ఫిస్కే అనే శాస్త్రవేత్తా కలిసి 1925లో హార్వర్డ్‌లో ప్రకటించారు. ఎన్నో దశాబ్దాలు ప్రపంచంలోని లాబ్‌లు ఆ ఇద్దరి పేరు మీదే ఫాస్ఫరస్ కొలిచాయి.

అదే దగ్గరి గొట్టంలో పీటీహెచ్ ఇంకో పని చేస్తుంది, మీ మొదటి ప్రశ్నకి తాళంచెవి ఇదే. కాలేయం నుంచి వచ్చే సగం తయారైన విటమిన్ డి మీద చివరి మెరుగు పెట్టే ఎంజైమ్‌ని పెంచుతుంది. దాంతో కాల్సిట్రయాల్ తయారవుతుంది. కాల్సిట్రయాల్ కిడ్నీలో కూడా టీఆర్‌పీవీ5, కాల్బిండిన్ పెంచుతుంది కానీ దాని అసలు బలం పేగులో. తిండిలోని కాల్షియాన్ని రక్తంలోకి లాగేది అదే. అంటే పీటీహెచ్ అలుగు మీద బస్తాలు వెయ్యడంతో ఊరుకోదు. కాల్సిట్రయాల్ చేత పేగు వాగుని, నేరుగా తానే ఎముక వాగుని కూడా పెంచుతుంది.

మిగతా హార్మోన్ల గురించి త్వరగా. ఎముకల నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్23 ఫాస్ఫేట్‌ని బయటికి పంపే విషయంలో పీటీహెచ్‌కి తోడు, కాల్సిట్రయాల్ విషయంలో ఎదురు. దాని తయారీ తగ్గించేస్తుంది. ఇది పనిచేయాలంటే క్లోతో అనే ప్రొటీన్ పక్కనుండాలి. 1997లో జపాన్‌లో కనిపెట్టి, జీవితపు దారం వడికే గ్రీకు దేవత పేరు పెట్టారు. ఆ క్లోతో టీఆర్‌పీవీ5 ద్వారాలు కణం అంచున నిలిచి ఉండేలా కూడా చేస్తుంది. ఉద్దానంలో అయినా ఇంకెక్కడైనా కిడ్నీలు మెల్లగా దెబ్బతింటున్న వాళ్లలో మొదట పెరిగేది ఎఫ్‌జీఎఫ్23. తర్వాత కాల్సిట్రయాల్ పడిపోతుంది, పీటీహెచ్ ఎగబాకుతుంది, మూత్రంలో కాల్షియం బాగా తగ్గిపోతుంది. ఈస్ట్రోజెన్ కూడా కిడ్నీలో కాల్షియాన్ని కొంత పొదుపు చేస్తుంది, ముట్లు ఆగాక ఆ పొదుపు పోతుంది. ఇక థైరాయిడ్‌లోనే తయారయ్యే, కాల్షియాన్ని తగ్గిస్తుందని చెప్పే కాల్సిటోనిన్. పరీక్షల్లో రాయండి, మార్కులొస్తాయి. మనుషుల్లో దాని ప్రమేయం చాలా తక్కువ. మీ పిన్నిగారికి థైరాయిడ్‌తో పాటు కాల్సిటోనిన్ కూడా పోయింది, దాని లోటు ఎవరికీ తెలియలేదు. కాల్సిటోనిన్ విపరీతంగా తయారయ్యే ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్‌లో కూడా రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది.

ఇంకొక్క పాత్ర ఉంది, అది హార్మోన్ కాదు, కాల్షియమే. పారాథైరాయిడ్ మీద ఉన్నదన్నానే, ఆ కాల్షియం గ్రాహకాన్ని 1993లో కనిపెట్టారు. అదే గ్రాహకం లావు లూప్‌లో రక్తం వైపు కూడా ఉంది. రక్తంలో కాల్షియం పెరిగితే అది ఎవరినీ అడక్కుండా క్లాడిన్-14ని పెంచి సందులు మూసేస్తుంది, కరెంటూ తగ్గిస్తుంది. కాల్షియం మూత్రంలోకి పోతుంది. నీళ్ల బరువుకి దానంతట అదే కొంచెం వంగే అలుగు అనుకోండి. ఈ గ్రాహకం పుట్టుకతో మందంగా ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్ల రక్తంలో కాల్షియం 11 ఉన్నా పారాథైరాయిడ్‌కీ కిడ్నీకీ అది మామూలుగానే కనిపిస్తుంది. మూత్రంలో కాల్షియం చాలా తక్కువ. ఇలాంటి ఒకాయన్ని మెడ ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చేశాక నా దగ్గరికి పంపారు. మూత్రంలో 60 మిల్లీగ్రాములే ఉంది. వాళ్ల అన్నకీ, కూతురికీ చూస్తే ఇద్దరికీ అదే వరస. ఆపరేషన్ రద్దు. అది మందులు అక్కర్లేని స్థితి, ఆయన ఇప్పటికీ హాయిగా ఉన్నాడు.

ఇప్పుడు మీ ఇద్దరు పేషెంట్లని పక్కపక్కన పెడదాం. ఇద్దరికీ వడపోత మామూలే అనుకుందాం.

వార్డులోని ఆవిడకి కాల్షియం 12. జల్లెడ దాటేది 7 అనుకుంటే గొట్టాల్లోకి రోజుకు 12,600 దిగుతోంది. పోతున్నది 350, అంటే 2.8 శాతం. అదే 12 మట్టాన్ని పీటీహెచ్ లేని మనిషిలో పెడితే ఇంతకి ఎన్నో రెట్లు పోయేది. ఆవిడ అలుగు మీద బస్తాలు పుష్కలంగా ఉన్నాయి, కిడ్నీ శక్తికొద్దీ లాగుతోంది. కానీ ఆవిడ ఎముకలు కరిగి, పేగులు ఎక్కువ పీల్చి వాగు వరదలా వస్తోంది. వచ్చినంతా ఎలాగూ పోవాలి, కాకపోతే ఎత్తయిన మట్టం మీంచి పోతోంది. రాళ్లకి కావలసింది మూత్రంలో కాల్షియమే కదా, అది ఉంది. పుస్తకం చెప్పిన వాక్యం ఇక్కడ కూడా నిజమే.

మీ పిన్నిగారికి 8.2. జల్లెడ దాటేది 4.7 అనుకోండి, దిగేది 8,460. పోయేది 340, అంటే నాలుగు శాతం. మీ వార్డు ఆవిడకంటే మూడో వంతు తక్కువ దిగుతున్నా దాదాపు అంతే పోతోంది. అలుగు తెగి ఉంది. మట్టం 8.2 దగ్గరే నీళ్లు పారిపోతున్నాయి. మాత్రలతో, కాల్సిట్రయాల్‌తో మీరు వాగుని పెంచారు, అందుకే ఆ మాత్రం మట్టమైనా నిలిచింది. ఇప్పుడు 9.5కి తేవాలంటే అలుగు కట్టకుండా నీళ్లు ఇంకా ఇంకా పొయ్యాలి. పోసినదంతా మూత్రంలోకే. 500, 600 కూడా దాటొచ్చు. రక్తం రిపోర్టు అందంగా ఉంటుంది, కిడ్నీలు సున్నం పట్టిన బిందెల్లా తయారవుతాయి.

ఈ పొరపాటు నేను చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో బట్టలు కుట్టే ఒకావిడ వచ్చేది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఆవిడకీ ఇదే పరిస్థితి. కత్తెర పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. 8.4 దగ్గర ఆ బాధ తగ్గింది కానీ, రిపోర్టులో అంకె పక్కన "తక్కువ" అన్న గుర్తు నాకు నచ్చలేదు. డోసు పెంచి 9.6కి తెచ్చి మురిసిపోయాను. మూత్రం పరీక్ష రెండేళ్లు చేయించలేదు. చేయించాల్సి వచ్చేసరికి స్కానింగ్‌లో రెండు కిడ్నీల్లోనూ తెల్లటి చుక్కలు. అందుకే ఇప్పుడు పారాథైరాయిడ్ పోయినవాళ్లకి మేము పెట్టుకునే గురి మామూలు హద్దుకి కింది అంచు, లేదా దానికి కొంచెం కింద. తిమ్మిర్లు, కొంకర్లు లేకుండా ఉంటే చాలు. ఆ 8.2 మీ డాక్టర్ గారి అశ్రద్ధ కాదు.

అయితే 340 మాత్రం ఎక్కువే. వాళ్ల డాక్టర్‌తో మాట్లాడాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటిది ఉప్పు. ఎందుకో పైన చూశారు. రెండోది థయజైడ్ రకం మాత్ర, ఇదీ మూత్రం ఎక్కువ పోయించేదే. ఇది మూత్రంలో కాల్షియాన్ని తగ్గిస్తుంది. దూరపు గొట్టంలో పనిచేసే మందు కాబట్టి టీఆర్‌పీవీ5 ద్వారానే అనుకునేవాళ్లం. 2005లో ఆ ద్వారం లేని ఎలుకలకి ఇచ్చి చూస్తే వాటిలోనూ తగ్గింది. ఒంట్లో ఉప్పు, నీరు కొంచెం తగ్గేసరికి దగ్గరి గొట్టం సోడియాన్ని గట్టిగా లాగుతుంది, తోక కూడా వెంట వస్తుంది. అందుకే ఈ మాత్ర వేసుకుంటూ పచ్చళ్లు లాగిస్తే ఫలితం సున్నా. పొటాషియం పడిపోతుంది కనక సొంతంగా మొదలుపెట్టే మందు కాదు.

మూడోది, కాల్షియం ఎలా వేసుకుంటున్నారన్నది. కార్బొనేట్ మాత్ర 1250 మిల్లీగ్రాములంటే అందులో అసలు కాల్షియం 500. ఒకేసారి రెండు మింగేకంటే భోజనంతో ఒక్కొక్కటిగా విడగొట్టడం మేలు. థైరాయిడ్ మాత్రకీ దీనికీ కనీసం నాలుగు గంటల దూరం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. ఇంకా, ఆవిడ రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారా అని అడగండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అది మందే కాదన్నట్టు చెప్పరు. కడుపులో ఆమ్లం లేకపోతే కార్బొనేట్ సరిగ్గా కరగదు, సిట్రేట్ రకానికి మార్చాల్సి రావచ్చు. కొందరిలో ఆ గ్యాస్ మాత్రే ఏళ్ల తరబడి వాడితే మెగ్నీషియం పడిపోతుంది. మెగ్నీషియం తక్కువైతే మిగిలిన కాస్త పారాథైరాయిడ్ కూడా పనిచేయదు, ఎన్ని కాల్షియం మాత్రలు వేసినా తిమ్మిర్లు తగ్గవు. ఒక్కసారి మెగ్నీషియం పరీక్ష చేయించండి, ఖరీదైనదేం కాదు.

నిజంగా అలుగు కట్టాలంటే పీటీహెచ్ ఇవ్వాలి. మెల్లగా పీటీహెచ్ విడుదల చేసే పాలోపెగ్‌టెరిపారటైడ్ అనే రోజువారీ ఇంజెక్షన్‌కి యూరప్‌లో 2023లో, అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. దాని మీద ఉన్నవాళ్లలో చాలామంది కాల్సిట్రయాల్, పెద్ద డోసు కాల్షియం మానేయగలిగారు, మూత్రంలో కాల్షియమూ తగ్గింది. ఖర్చు మన మధ్యతరగతికి అందేది కాదు. ఉప్పూ థయజైడూ ముందు.

మీరు వార్డు ఆవిడకి ఆపరేషన్ అయ్యాక కూడా డ్యూటీలో ఉంటే ఒకటి గమనించండి. 1932లో బోస్టన్‌లో చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్‌కి ఏడో ఆపరేషన్‌లో, మెడలో కాదు, ఛాతీలో గడ్డ దొరికింది. ఎముకలు కరిగిపోయి అంగుళాల కొద్దీ ఎత్తు తగ్గిపోయిన మనిషి ఆయన. గడ్డ పోగానే కాల్షియం పడిపోయి కొంకర్లు మొదలయ్యాయి. కొన్ని వారాలకి మూత్రనాళంలో రాయి తెచ్చిన చిక్కుతో చనిపోయాడు. బస్తాలన్నీ ఒక్కసారి తీసేసినట్టు అలుగు కూలుతుంది, అదే సమయంలో ఆకలిగొన్న ఎముకలు ఉన్న కాల్షియాన్ని గుంజుకుంటాయి. కాబట్టి మొదటి రెండు మూడు రోజులు ఆవిడ పెదవుల చుట్టూ తిమ్మిరి అంటే తేలిగ్గా తీసుకోకండి. బీపీ చూస్తున్నప్పుడు కఫ్ బిగిసి ఉండగా చెయ్యి మెలి తిరిగితే అప్పటికప్పుడు డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

చివరిగా ఆ 340 నమ్మదగినదేనా చూసుకోండి. పొద్దున లేవగానే పోసిన మొదటి మూత్రం పారబోసి, అక్కణ్నుంచి మర్నాడు లేవగానే పోసినది కలిపి, ఆ 24 గంటలదీ డబ్బాలో పట్టాలి. మా దగ్గర సగం డబ్బాలు తప్పు. ఒకరు మొదటిది కూడా కలిపేస్తారు, ఇంకొకరు మధ్యాహ్నం ఆఫీసుది వదిలేస్తారు. అదే డబ్బాలో క్రియాటినిన్ (కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చే వ్యర్థం) కూడా చూడమనండి. ఆడవాళ్లలో ఒంటి బరువు కిలోకి రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు రావాలి. పిన్నిగారు అరవై కిలోలైతే 900 నుంచి 1200. అందులో 500 వచ్చిందంటే సగం మూత్రం బాత్రూంలోనే ఉండిపోయిందని, అప్పుడు అసలు కాల్షియం 340 కాదు, ఇంకా చాలా ఎక్కువ. సోడియం కూడా అదే డబ్బాలో రాయించండి. ఆవకాయ సంగతి ఆవిడ చెప్పకపోయినా అది చెబుతుంది. రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి, చూస్తాను.